సగం ప్లేటు జాబితా

కాల్డర్ స్టేట్ యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పిల్లల భోజనశాల వెనక పెద్ద వంటిల్లుంది. ఆ వంటింటికి ఇరవై ఆరేళ్లుగా పెద్దదిక్కు లోరీన్ పెటిగ్రూ. ఈ ఇరవై ఆరేళ్లలో ఆరుగురు కోచ్‌లు మారారు. ఒకాయన్ని ఊరు నెత్తిన పెట్టుకుంది, ఇద్దర్ని తరిమేసింది, మిగతావాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. లోరీన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజామునే వచ్చి పొయ్యి వెలిగించాల్సిందే, మొక్కజొన్న రవ్వ అడుగంటితే తనని తానే తిట్టుకోవాల్సిందే. వంటింటికీ భోజనశాలకీ మధ్య పొడవాటి కిటికీ ఉంది. నూటపదిమంది పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరసగా ఆ కిటికీ ముందుకొస్తారు. ఒక్కొక్కడూ గుమ్మంలో పట్టనంత మనిషి. లోరీన్‌కి అందరూ చంటిపిల్లలే. ఎవణ్ణయినా “బంగారం” అనే పిలుస్తుంది, అందుకని పేరు మరిచిపోయినా ఇబ్బంది లేదు.

డిసెంబరులో ఒక గురువారం పొద్దున ఆ వంటింట్లోకి కిప్ లాన్స్‌డౌన్ వచ్చాడు. హైస్కూల్లో బాగా ఆడే కుర్రాళ్ల ఇళ్లకెళ్లి, తల్లిదండ్రుల్ని బతిమాలి, బుజ్జగించి, వాళ్లని యూనివర్సిటీకి పట్టుకురావడం అతని ఉద్యోగం. నలభై కూడా లేవు, రెండు నెలల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. చేతిలో రెండు ఫోన్లు. రెండూ మోగుతున్నాయి, ఏదీ ఎత్తడం లేదు.

అతని అవస్థ ఊరందరికీ తెలిసిందే. ఎండాకాలంలో ఇరవైరెండుమంది కుర్రాళ్లు ఇక్కడికే వస్తామని మాటిచ్చారు. ఆగస్టులో ఎమరీ స్టబ్స్ అనే కొత్త పిల్లాడు సాధన చేస్తూ కూలిపోయాడు. అక్టోబరులో సంగతి పేపరుకెక్కింది. కోచ్ హోలిస్ శిక్ష పేరుతో పిల్లల్ని గొడ్లని తోలినట్టు తోలేవాడనీ, డాక్టరు వద్దన్నా వినేవాడు కాదనీ, ఆ పిల్లాడి కిడ్నీలు రెండూ పోయాయనీ బయటపడింది. యూనివర్సిటీ ఆయన్ని ఇంటికి పంపించింది. అంతే, మాటిచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం మొదలెట్టారు. వాళ్లని తప్పు పట్టడానికీ లేదు. పక్క రాష్ట్రాల కోచ్‌లు రోజూ వాళ్ల తల్లులకి ఫోన్లు చేస్తున్నారు, ఆసుపత్రి మంచం మీదున్న ఎమరీ ఫోటో పంపి ‘చూసుకోండి మరి’ అంటున్నారు. సందు దొరికితే ఎవడాగుతాడు. ఇరవైరెండుమంది కాస్తా ఎనిమిదిమంది అయ్యారు. వచ్చే బుధవారమే సంతకాల రోజు. కుర్రాడు ఆ రోజు ఏ కాలేజీ కాగితం మీద సంతకం పెడితే ఆ కాలేజీవాడు. అప్పటిదాకా ఇచ్చిన మాటలన్నీ నీటిమీద రాతలే.

ఆ ఎనిమిదిమందిలో మకాయ్ బోల్డెన్ ఒకడు. జార్జియా కుర్రాడు, ఆరడుగుల ఆరంగుళాలు. వాడెక్కడికెళ్తే మేమూ అక్కడికేనని ఇంకో ముగ్గురు కాచుకుని కూర్చున్నారు. వాడు జారితే నలుగురు జారినట్టే. శనివారం తల్లిని వెంటబెట్టుకుని ఆఖరిసారి చూడ్డానికొస్తున్నాడు.

“ఆ తల్లికి కోచ్‌లెవరూ అక్కర్లేదట మిస్ లోరీన్. వంటావిడతో మాట్లాడాలంది,” అన్నాడు కిప్. “మీరు కొత్తగా చెప్పాల్సిందేం లేదు. ఎప్పుడూ చెప్పే ఆ ఒక్క ముక్క చెప్పండి, చాలు.”

లోరీన్ పిండి కలుపుతున్న చేతులు ఆపకుండానే సరేనంది. అతను వెళ్లాక చూసుకుంటే పిండి వెన్నరొట్టెలకి పనికిరాకుండా పోయింది. అంతసేపు అలా పిసికితే రాయి కాక ఏమవుతుంది. మొత్తం చెత్తబుట్టలో పారేసి మళ్లీ కలిపింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ పిండి పారేయడం అదే మొదలు.

ఆ ఒక్క ముక్కకీ ఒక కథ ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట ఇలాగే కాలేజీ చూడ్డానికొచ్చిన ఒక తల్లి, గెల్చుకున్న కప్పులూ, ఆటలో తొడుక్కునే కవచాలూ చూపిస్తున్న కోచ్‌ని వదిలేసి వంటింట్లోకి వచ్చింది. మావాడికి రొయ్యలు పడవు, ఎవరికి చెప్పాలి అనడిగింది. లోరీన్ ఒక అట్టకార్డు ఇచ్చి రాసిపెట్టమంది. ఆ తల్లి కళ్లు తడిగా ఉండటం చూసి, ఊరుకోలేక, “నా కిటికీ ముందుకొచ్చిన బిడ్డ ఆకలితో వెళ్లడు తల్లీ” అని ఒక మాటంది. ఆ కుర్రాడు అక్కడే చేరాడు. ఎందుకు చేరావని పేపరువాళ్లడిగితే, మా అమ్మ వంటావిడని నమ్మిందన్నాడు. అప్పటి కోచ్ తెలివైనవాడు. ఆ ఏడాది నుంచి తల్లుల్ని వంటింట్లోకి తీసుకురావడం, వాళ్లొక కార్డు రాసివ్వడం, లోరీన్ ఆ మాట చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. చెప్పీ చెప్పీ ఆ మాట అరిగిపోవాల్సింది, కానీ అరగలేదు. చెప్పిన ప్రతిసారీ లోరీన్ దాన్ని నిజంగానే అనుకుని చెప్పింది.

కార్డులన్నీ నీలంరంగు బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. కూరగాయలు జేబులో దాచేస్తాడు, జేబులు చూడండి అని ఒక తల్లి రాసింది. ఆదివారం నాకు ఫోన్ చెయ్యమని గుర్తుచెయ్యండి అని ఇంకో తల్లి. వీడు నాలుగు గుడ్లంటే ఆరు పెట్టండి అని ఇంకొకావిడ. నాలుగొందల పైచిలుకు కార్డులున్నాయి. అందులో గత డిసెంబరులో ఓలెటా స్టబ్స్ అనే బడి బస్సు నడిపే ఆవిడ రాసిన కార్డొకటుంది. ఎమరీ వాళ్లమ్మ. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: ‘మావాడు ఆకలేస్తోందని నోరు విడిచి చెప్పడు. మొదటిసారి అడిగితే లేదంటాడు. రెండోసారి అడగండి.’

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగని పిల్లాడికి అడిగి పెట్టే అమ్మ ఓలెటా. ఆ పని ఇకమీదట లోరీన్ చెయ్యాలని ఆ కార్డు మీద రాసి అప్పగించి వెళ్లింది.

ఇక జాబితా సంగతి. కోచ్ హోలిస్ వచ్చిన రెండో ఏడు వంటింటి గోడకి ఒక కాగితం అంటించడం మొదలైంది. పొద్దున్నే కసరత్తు కోచ్ వచ్చి పాతది పీకి కొత్తది అంటించేవాడు. దానిమీద కొన్ని పేర్లు, పక్కన ఎన్నో రోజో అంకె. బరువు పెరిగినవాడు, మీటింగుకి ఆలస్యంగా వచ్చినవాడు, ఎదురు మాట్లాడినవాడు. ఆ పేర్లవాళ్లకి సగం ప్లేటే. మాంసం లేదు, గుడ్లు లేవు, రెండోసారి వడ్డన లేదు. బయట కొనుక్కు తిన్నట్టు తెలిస్తే ఇంకో రెండు రోజులు పొడిగింపు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. లోరీన్ మొదట్లో గొడవపడింది. ఇది ఆటగాళ్ల తిండి లెక్క, మీకు తెలియదు అన్నారు. అప్పుడావిడ దొంగచాటుగా పెట్టడం మొదలెట్టింది. కాగితపు రుమాల్లో వెన్నరొట్టె చుట్టి ప్లేటు కింద తోసేసేది. ఆగస్టులో ఒకరోజు ఎమరీ జేబులో ఆ రొట్టె దొరికింది. ఎవరిచ్చారో వాడు చెప్పలేదు. వాణ్ణి కొండ మీదికి ఇంకో పదిసార్లు పరిగెత్తించారు. కసరత్తు కోచ్ వంటింట్లోకొచ్చి, ఇంకో రొట్టె కనిపిస్తే నీ ఉద్యోగమూ ఉండదు, జట్టులో వాడి చోటూ ఉండదు అని నవ్వుతూనే చెప్పి వెళ్లాడు.

లోరీన్ మానేసింది. వాడికి మేలు చెయ్యబోతే కీడయిందని తనకి తాను చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం, ఆవిడ భయపడింది.

వారం తిరక్కుండా వాడి పేరు మళ్లీ ఎక్కింది. నాలుగోరోజు పొద్దున ఎమరీ కిటికీ ముందుకొచ్చి ప్లేటు చాపాడు. లోరీన్ అరకప్పు రవ్వ జావ వేసింది. వాడి మొహం వంక చూడలేదు. “థాంక్యూ అండీ” అన్నాడు వాడు. పదకొండు గంటలకి అంబులెన్సు కూత వినపడింది. అప్పుడు లోరీన్ బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. ఆ కూత విన్నాక ఆ పూట ఇంకో దుంప ముట్టుకోలేకపోయింది. మధ్యాహ్నానికి గోడమీద జాబితా లేదు, అంటించిన జిగురు మచ్చ మాత్రం ఉంది.

విచారణ సంఘం వచ్చింది. కోచ్‌లనడిగారు, డాక్టర్లనడిగారు, ఎండ ఎంత, పరుగులెన్ని, నీళ్లెన్ని అని అడిగారు. వంటావిణ్ణి ఎవరూ అడగలేదు. పిల్లలూ చెప్పలేదు. చెబితే చోటు పోతుందనే భయం వాళ్లకీ ఉంది. జాబితాలన్నీ చించేశారనే అందరూ అనుకున్నారు. కానీ లోరీన్‌ది కాగితం పారేయని చెయ్యి. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం చూస్తే ఆవిడకి ప్రాణం ఒప్పదు. కసరత్తు కోచ్ పీకి బుట్టలో పడేసిన పాత జాబితాలు ఏరుకుని, వెనకవైపు పిండి ఎన్ని బస్తాలు, పంది కొవ్వు ఎన్ని డబ్బాలు అని సరుకుల చీటీలు రాసుకునేది. అలాంటివి పదకొండు ఆ రేకు డబ్బాలోనే, తల్లుల కార్డుల కింద ఉన్నాయి. ఎమరీ పడిపోయిన ముందురోజుది పైనే ఉంది. ‘ఎమరీ స్టబ్స్, 3’.

నాలుగు నెలలుగా ఆవిడ ఆ డబ్బా మూత తియ్యలేదు. శనివారం తియ్యక తప్పదు. కొత్త తల్లి కార్డు రాసిస్తుంది, దాన్ని అందులో వెయ్యాలి.

శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లేసరికి భర్త వెండెల్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని కుర్రాళ్ల పేర్లు కొట్టేస్తున్నాడు. గూడ్సు రైళ్ల మీద ముప్పైయేళ్లు పనిచేసి వచ్చినాయన, ఇప్పుడు కాల్డర్ జట్టే ఆయన ఉద్యోగం. ఇంకోడు లూసియానా పోయాడు, ఇవాళ పొద్దున టెన్నెసీకి ఇంకోడు అని పొలం మునిగినవాడిలా ఏడుస్తున్నాడు. ఆ బోల్డెన్ కుర్రాడొక్కడు నిలబడితే పరువు దక్కుతుందన్నాడు. అప్పుడు లోరీన్ డబ్బా సంగతి చెప్పింది. జాబితా సంగతి, రొట్టె సంగతి, అన్నీ చెప్పింది. భార్య ఇన్నాళ్లూ కడుపులో ఇంత పెట్టుకుని తనకి వండిపెట్టిందని వెండెల్‌కి అప్పుడే తెలిసింది. పెన్సిలు కిందపెట్టాడు.

“పెన్షనుకి ఇంకా పదహారు నెలలు లోరీన్,” అన్నాడు చివరికి.

“నాకు లెక్క రాకనా?”

“నిన్నెవరూ అడగలేదు. అడగని మాట చెప్పకపోవడం అబద్ధం కాదు.”

“రేపు అడుగుతారు వెండెల్. ఆ తల్లి అందుకే వస్తోంది.”

“అడిగితే రోజూ చెప్పేదే చెప్పు. ఇప్పుడా జాబితా లేదుగా. రేపటినించీ ఎవడూ ఆకలితో వెళ్లడుగా. అది నిజమేగా?”

నిజమే. అందులోనే వచ్చింది చిక్కంతా. రాత్రి పడుకోబోయేముందు లోరీన్ ఆ మాటని పైకి అని చూసింది. నా కిటికీ ముందుకొచ్చిన బిడ్డ ఆకలితో, అని అంతవరకు వచ్చింది. అక్కడే ఆపేసింది. బైబిల్ తీస్తే కళ్లు అక్షరాల మీద నిలవలేదు.

శనివారానికి మొదట్లో పన్నెండుమంది వస్తామన్నారు, చివరికి ఐదుగురే వచ్చారు. భోజనశాలలో యాభైమందికి సరిపడా బల్లలు వేసి పూలు పెట్టారు, ఖాళీ కుర్చీలు మొహం మీద కొట్టినట్టు కనిపిస్తున్నాయి. వేయించిన చేప, చిక్కటి గ్రేవీ, ఆకుకూర, పీచ్ పండ్ల తీపి రొట్టె, అన్నీ చేసింది లోరీన్. ఒక్కటి కూడా రుచి చూడలేదు. నాలుక మీద ఇసుక పోసినట్టుంది. గుమ్మం వైపు అడుగుల చప్పుడైతే చాలు, గరిటె ఆపి అటు చూసేది.

పదిన్నరకి కిప్ ఒకావిణ్ణి తీసుకొచ్చాడు. రోనెట్ బోల్డెన్, మకాయ్ వాళ్లమ్మ. పొట్టి మనిషి, ఆ కొండంత కొడుకుని ఎలా కన్నదా అనిపిస్తుంది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి స్నానాలు చేయించి, తినిపించే పని చేస్తానని చెప్పింది. చేతిసంచిలోంచి కార్డు తీసింది. ఇంట్లోనే రాసుకొచ్చింది. ఇవ్వబోయి, ఇవ్వకుండా గుప్పిట్లోనే ఉంచుకుంది.

“ఇది మీ చేతికిచ్చే ముందు ఒకటి అడగాలి మిస్ లోరీన్.”

“అడుగు తల్లీ.”

“పడిపోయిన రోజు పొద్దున ఆ స్టబ్స్ పిల్లాడు ఏం తిన్నాడు?”

రెండు నెలలు తిరిగిన విచారణ సంఘానికి తట్టని ప్రశ్న అది. ఇంతమంది పెద్దమనుషులు ఎండని కొలిచారు, పరుగులు లెక్కపెట్టారు. తల్లి కాబట్టి ఈవిడ నేరుగా కడుపు దగ్గరికొచ్చింది. కిప్ చటుక్కున మధ్యలోకొచ్చి, అవన్నీ విచారణలో ఉన్న విషయాలు, పాపం వంటావిడకేం తెలుస్తాయి, అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, లోరీన్ తప్పించుకోవడానికి తలుపు తెరిచిపెట్టాడు. ఆవిడ నోరు మూసుకుంటే చాలు.

“అరకప్పు రవ్వ జావ,” అంది లోరీన్. “అంతకుముందు మూడు రోజులూ అంతే. పెట్టింది నేనే.”

కిప్ మొహం పాలిపోయింది. లోరీన్ ఆగలేదు, ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. రేకు డబ్బా మూత తీసి జాబితా ఇచ్చింది. రోనెట్ ఆ పేర్లన్నీ చదివింది, తిరగేసి వెనక రాసిన పిండి బస్తాలు కూడా చదివింది. తర్వాత లోరీన్ ఓలెటా రాసిన కార్డు అందించింది. అది మాత్రం రోనెట్ చాలాసేపు చదివింది. ఉన్నవి మూడు వాక్యాలే.

“మళ్లీ ఎవరైనా జాబితా తెస్తే ఏం చేస్తారు?” అనడిగింది.

ఒప్పుకోనని చెప్పొచ్చు. దేవుడి మీద ఒట్టు పెట్టొచ్చు. లోరీన్‌కి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఒకసారి ఒప్పుకున్నదాన్ని. ఇప్పుడు నేనేం చెప్పినా నువ్వు నమ్మకూడదు తల్లీ.”

రోనెట్ తన కార్డుని మళ్లీ చేతిసంచిలో పెట్టుకుంది. జాబితా, ఓలెటా కార్డు రెండూ బల్లమీద జాగ్రత్తగా ఉంచింది. కోపం లేదు మొహంలో, అలసట ఉంది. “మీకు కృతజ్ఞతలు చెప్పాలో, తిట్టాలో తెలియట్లేదు,” అంది. “కానీ ఈ మాట వినాల్సింది నేను కాదండీ. ఈ కార్డు రాసినావిడ.” అని వెళ్లిపోయింది. బయట కొడుకు వేయించిన చేప మూడోసారి పెట్టించుకుంటున్నాడు. భుజం తట్టి లేపింది. ప్లేటు వదిలేసి లేవడం వాడికి ఇష్టం లేదు, అయినా లేచాడు.

కిప్ గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. పన్నెండేళ్ల కష్టం, నాకిద్దరు పిల్లలు, అని ఏదో గొణిగాడు. లోరీన్ అతనికి కాఫీ పోసి ఇచ్చింది. ఇంకేం చెయ్యగలదు. అతను తాగాడు కూడా.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా. ఆ సాయంత్రమే మకాయ్ తప్పుకున్నాడు. ఆదివారం చర్చి నించి వచ్చేలోపు మిగతా ముగ్గురూ తప్పుకున్నారు. సోమవారం యూనివర్సిటీవాళ్లు లోరీన్‌ని పిలిచి, మళ్లీ చెప్పేదాకా పనిలోకి రావద్దన్నారు. ఎప్పుడు చెబుతారో చెప్పలేదు. ఆవిడ అక్కణ్ణుంచి నేరుగా విచారణ సంఘం గదికెళ్లి పదకొండు జాబితాలూ వాళ్ల బల్లమీద పెట్టింది. రెండు రోజులు మాట్లాడని వెండెల్, ఆ రోజు కారులో బయట కూర్చుని ఆవిడ కోసం మూడు గంటలు ఎదురుచూశాడు. ఊళ్లో ఇకమీదట మనకి మొహం చెల్లదన్నాడు దారిలో. ఇంటిముందు కారు ఆపుతూ, నాకయితే చెల్లుతుందిలే అన్నాడు.

మంగళవారం కిప్ ఫోన్ చేశాడు. కోపంగా లేడు, గొంతు నీరసంగా ఉంది. ఆ బోల్డెన్ తల్లి ఇప్పుడు ఏ కాలేజీకెళ్లినా కోచ్ గదిలోకి అడుగుపెట్టదట, ముందు వంటింటికెళ్లి గోడలు చూస్తుందట. మిగతా తల్లులకీ నేర్పిందట. నాలుగు రాష్ట్రాల్లో వంటవాళ్లని వెతుక్కుంటున్నారట కోచ్‌లు, ఏం చెప్పాలో నేర్పడానికి. “మీకు నవ్వొస్తోందా?” అనడిగాడు. లోరీన్‌కి నవ్వు రాలేదు. ఎవరైనా నేర్పిన మాటే చెబుతారు, ఏదో ఒక తల్లి నమ్ముతుంది. ఆ దిగులు ఆవిణ్ణి వదలలేదు.

బుధవారం, సంతకాల రోజు. లోరీన్ పొద్దున్నే లేచి కోడి వండింది. కిడ్నీ జబ్బువాళ్లకి ఏం పెట్టొచ్చో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. ఉప్పు వద్దన్నారు, బంగాళాదుంప వద్దన్నారు, చిక్కుడు వద్దన్నారు. ఉప్పు లేని కూర ఆవిడ జన్మలో వండలేదు. నిమ్మరసం, మిరియాలు వేసి, రుచి చూసి, మళ్లీ నిమ్మరసం వేసింది. తెల్లన్నం, నాలుగు ఉప్పులేని వెన్నరొట్టెలు డబ్బాలో సర్దింది. ఓలెటా వాళ్ల ఊరికి గంటన్నర దారి. దారి పొడవునా వెనక్కి తిప్పమని వెండెల్‌తో చెబుదామనుకుంది. రెండుసార్లు నోరు తెరిచి, కిటికీలోంచి పైన్ చెట్లు చూసి మూసుకుంది.

తలుపు ఓలెటాయే తీసింది. బడి బస్సు డ్రైవర్ల నీలం కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. గుర్తుపట్టింది. లోరీన్ గడప ఇవతలే నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పింది. రొట్టె ఇవ్వడం, మానెయ్యడం, జాబితా, అరకప్పు జావ. కళ్లనీళ్లు పెట్టుకోలేదు, అక్కడ తను ఏడవడానికి హక్కు లేదనుకుంది. ఓలెటా విన్నంతసేపూ తలుపు పిడి వదల్లేదు.

“మీరు చేసిన వాగ్దానాన్ని నమ్మి నేను వాణ్ణి అక్కడ వదిలొచ్చాను,” అంది. “కోచ్‌ని నమ్మి కాదు.”

“తెలుసమ్మా.”

“మిమ్మల్ని లోపలికి రమ్మనలేను.”

“అననక్కర్లేదు.”

లోరీన్ అన్నం డబ్బా గడప పక్కన పెట్టి, దానిమీద ఓలెటా రాసిన కార్డు పెట్టి వెనక్కి తిరిగింది. నాలుగు మెట్లు. మూడో మెట్టు దిగేసరికి వెనకనించి ఓలెటా గొంతు వినిపించింది. డబ్బా గురించి కాదు.

“వాడు నిన్నట్నుంచీ సరిగ్గా తినట్లేదు,” అంది. “వారానికి మూడు రోజులు రక్తం శుభ్రం చేసే మిషను మీద పడుకోబెడుతున్నారు. వచ్చాక ఏదీ వద్దంటాడు. నా మాటా వినట్లేదు.” తలుపు తెరిచే ఉంచి లోపలికి వెళ్లిపోయింది.

లోరీన్ మళ్లీ మెట్లెక్కి, డబ్బా చేతిలోకి తీసుకుని లోపలికెళ్లింది. ముందుగదిలో ఎమరీ సోఫాలో కూర్చున్నాడు. ఆగస్టులో కిటికీ నిండా కనిపించిన పిల్లాడు సోఫాలో ఒక మూల సరిపోయాడు. మోచేతి మీద కట్టు. టీవీలో సంతకాల పండగ చూపిస్తున్నారు. ఎక్కడిదో హైస్కూలు, బల్లమీద మూడు కాలేజీల టోపీలు, మకాయ్ బోల్డెన్ వాటిలో ఒకటి తీసి పెట్టుకుంటున్నాడు, అందరూ చప్పట్లు కొడుతున్నారు. వెనక పొట్టి తల్లి నవ్వకుండా నిలబడి ఉంది. ఏ టోపీ అన్నది లోరీన్ చూడలేదు.

ఎమరీ లేవబోయాడు. పెద్దవాళ్లొస్తే లేవడం వాళ్లమ్మ నేర్పింది. లోరీన్ కూర్చోమంది. ఎదురుగా చిన్న బల్లమీద డబ్బా మూత తీసింది.

“ఆకలేస్తోందా బంగారం?”

“లేదండీ,” అన్నాడు వాడు టీవీ వంకే చూస్తూ.

అంతకుముందు సరిగ్గా ఇదే మొహం కిటికీ అవతల నిలబడి ఉండగా ఆవిడ చూపు తిప్పేసుకుంది. ఈసారి వాడి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. వాడి మొహంలోకే చూసింది.

“ఎమరీ,” అంది పేరుపెట్టి. “ఆకలేస్తోందా?”

వాడు డబ్బా వంక చూశాడు. వంటింటి గుమ్మంలో ఓలెటా కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది.

“కొంచెం,” అన్నాడు.